బట్టీలపేట బ్రాంచిలో ఆఖరి వసూలు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు మీద, ఊరు దాటిన మైలు దూరంలో బట్టీలపేట ఉండేది. ఒకప్పుడు అక్కడ సున్నం కాల్చేవాళ్లు. బట్టీలు ఆరిపోయి చాలా ఏళ్లయినా పేరు మాత్రం నిలిచింది. నేతగాళ్లు, దూది ఏకేవాళ్లు, జట్కాలు తోలేవాళ్లు, పత్తి మిల్లుకు కూలికి పోయే ఆడవాళ్లు, అంతా కలిపి నూట పన్నెండు ఇళ్లు. డబ్బు దాచుకోవడం ఆ పేటలో ఎవరింటి గుట్టు వారిదే. జొన్నల కుండలో వేసేవాళ్లున్నారు, పొయ్యి పక్కన గోతిలో పూడ్చేవాళ్లున్నారు. కాస్త పోగైతే ఊళ్లో బంగారం అంగడికి పోయి ఒక గొలుసు కొనేవాళ్లు. కష్టమొస్తే అదే గొలుసు అదే అంగట్లో కుదువ పెట్టేవాళ్లు. ఒకాయన వచ్చి రెండేళ్లు నమ్మకంగా చీటీలు నడిపి, మూడో ఏడు కమలాపురంలో రైలెక్కాడు. మళ్లీ కనబడలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, 1954లో, సౌభాగ్య బ్యాంకు పేటలో బ్రాంచి తెరిచింది. దాని హెడ్డాఫీసు ప్రొద్దుటూరు బజారులోనే. డైరెక్టర్లు నలుగురూ పత్తి మిల్లులు, నూనె మిల్లులు ఉన్నవాళ్లు. పేటలో రోడ్డు పక్క నాపరాళ్ల కప్పు గది ఒకటి బాడుగకు తీసుకుని, ఎనిమిది మంది మోస్తేగాని కదలని ఇనుప పెట్టె తెచ్చి పెట్టారు. ఆ పెట్టెను చూడడానికే పదిరోజులు జనం వచ్చారు. డబ్బు వెయ్యడానికి మాత్రం ఎవరూ రాలేదు.

అప్పుడు బ్రాంచి మేనేజరు నారాయణ హబీబుల్లాను పిలిపించాడు. హబీబుల్లా ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. కొలిమితిత్తి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేవాడు కాబట్టి ఏ ఇంట్లో ఎన్ని గిన్నెలున్నాయో, ఎంతమంది తినేవాళ్లున్నారో అతనికి తెలుసు. నాలుగో క్లాసు దాకా చదివాడు, రసీదు రాయగలడు. నారాయణ అతనికి ఒక గుడ్డసంచి, రసీదు పుస్తకం ఇచ్చి రోజూ వసూలుకు పెట్టాడు. మధ్యాహ్నం మూడు గంటలకు బయలుదేరి ఇంటింటి దగ్గరా అణా, రెండణాలు, నాలుగణాలు, ఎవరికెంత వీలైతే అంత తీసుకోవాలి. వాళ్ల కార్డు మీద రాయాలి. ఐదున్నరకు సంచి బ్యాంకులో అప్పజెప్పాలి. నూటికి మూడు రూపాయలు అతనివి.

పేట బ్యాంకును నమ్మలేదు, హబీబుల్లాను నమ్మింది. నాలుగేళ్లకు, మగ్గం నేసే యశోదమ్మ రోజుకు రెండణాల చొప్పున వేసిన డబ్బు తీసుకుని రెండో మగ్గం పెట్టింది. లెక్క పైసాతో సహా సరిపోయింది, పైగా వడ్డీ వచ్చింది. ఆ తర్వాత నూట పన్నెండు ఇళ్లలో కార్డు లేని ఇల్లు లేదు.

1960 ఆగస్టులో కేరళలో ఒక పెద్ద బ్యాంకు మూతపడిందని పేపర్లో వచ్చింది. పేటంతా కార్డులు పట్టుకుని బ్రాంచి ముందు నిలబడింది. నారాయణ నాణేల సంచులు బల్ల మీద పేర్చి, అడిగినవాళ్లకు అడిగినంత ఇచ్చాడు. మూడు రోజులకు జనం తగ్గారు. తీసుకున్నవాళ్లలో సగంమంది సిగ్గుపడి ఆ డబ్బు మళ్లీ హబీబుల్లా సంచిలోనే వేశారు.

ఆ రోజుల్లోనే హబీబుల్లా భార్య మైమూన్‌కు జబ్బు ముదిరింది. కడుపులో గడ్డ. మూడు నెలలుగా రక్తం పోతూనే ఉంది. అక్టోబరు మొదట్లో జమ్మలమడుగులో మిషను ఆసుపత్రిలో చేర్చాడు. ఇంకో పది రోజులు ఆలస్యమైతే తాను చెయ్యగలిగిందేమీ ఉండదని డాక్టరమ్మ చెప్పింది. గడ్డ తీసేందుకు గురువారం కోత పెట్టుకున్నారు. మందులకూ రక్తానికీ కలిపి నూట ఎనభై రూపాయలు ఆ పొద్దున్నే కట్టాలి.

హబీబుల్లా ఖాతాలో నూట తొంభై నాలుగు రూపాయలున్నాయి. బుధవారం మధ్యాహ్నం బ్యాంకుకు పోయాడు. నారాయణ ఒక్కడే ఉన్నాడు. అతన్ని చూసి లేచి పోయి తలుపు దగ్గరకు వేశాడు.

"కూర్చో," అన్నాడు. ఆరేళ్లలో అతను హబీబుల్లాను కూర్చోమనడం అదే మొదలు.

"నూట ఎనభై కావాల సార్. రేపు పొద్దున్నే కట్టల్లంట."

"మిగతా పద్నాలుగు గూడా తీసుకో."

"అదెందుకు సార్, ఉండనీ. ఖాతా మూసినట్లైతాది."

నారాయణ తల ఎత్తకుండా వోచరు రాస్తూ అన్నాడు. "రేపు నువ్వడిగినా నేను ఇయ్యలేను హబీబుల్లా. రేపు తలుపు తెరవం."

హబీబుల్లాకు మొదట అర్థం కాలేదు. రేపేమైనా పండగేమో అనుకున్నాడు. నారాయణ మెల్లగా చెప్పుకొచ్చాడు. బ్యాంకుల మీద అజమాయిషీ చేసే మద్రాసు ఆఫీసు నుంచి హెడ్డాఫీసుకు తంతి వచ్చింది. రేపటి నుంచి ఏ బ్రాంచిలోనూ చెల్లింపులు ఉండవు. డైరెక్టర్లే తమ మిల్లుల పేరు మీద అప్పులు తీసుకున్నారు, అవి తిరిగి రాలేదు. తనకు గూడా నిన్ననే తెలిసింది.

"మరి పేట సంగతేంది సార్?"

"పెట్టెలో పద్నాలుగు వందలుండాయి. పేటకు ఇయ్యాల్సింది ముప్పై వేలు. ఒక్కరికి చెప్తే గంటలో నూరుమంది తలుపు మీద పడతారు. ఎవరికియ్యల్ల, ఎవరికి లేదనల్ల? నువ్వే చెప్పు."

హబీబుల్లా ఇనుప పెట్టె వైపు చూశాడు.

"నీ పెండ్లాం కోత బల్ల మీద ఉండాది. నీకైనా ఇస్తే నాకు కొంచెం నిద్ర పడతాది," అన్నాడు నారాయణ. వోచరు ముందుకు తోశాడు. హబీబుల్లా సంతకం చేశాడు. నోట్లు తీసుకుని పంచె మడతలో పెట్టి నడుముకు బిగించి కట్టుకున్నాడు. లేచి పోబోతుంటే నారాయణ ఆపాడు.

"మూడింటికి వసూలుకు పో."

"ఈ పొద్దు గూడానా?"

"నువ్వు రాకపోతే అడుగుతారు గదా, ఎందుకు రాలేదని. మామూలుగా పోయిరా. ఈ ఒక్క పూట గడిస్తే, రేపు పోలీసోళ్లు వచ్చి నిలబడతారు, ఎవరికీ దెబ్బలు తగలవు."

హబీబుల్లా మూడింటికి బయలుదేరాడు. మొదటి నాలుగైదు ఇళ్ల దగ్గర, "ఈ పొద్దు వద్దులే, రేపిద్దురు," అని దాటిపోయాడు. ఆరో ఇల్లు యశోదమ్మది. ఆమె మగ్గం గుంటలో కూర్చునే చెయ్యి చాపి పావలా ఇవ్వబోయింది. అతను వద్దన్నాడు.

యశోదమ్మ నాడె ఆపింది. "ఏందన్నా, ఎప్పుడూ నిలబడి అడిగేటోడివి, ఈ పొద్దు ఇస్తాంటే వద్దంటాండావు. బ్యాంకు బాగుందా?"

"బాగుంది. ఆసుపత్రికి పొయ్యే తొందరలో ఉండా," అన్నాడు హబీబుల్లా. పావలా తీసుకుని కార్డు మీద రాశాడు. అక్కడి నుంచి చివరి ఇంటి దాకా ఎవరి దగ్గరా వద్దనలేదు.

వరస చివర దిల్షాద్‌బీ ఇల్లు. పిన్నమ్మను పిలిచినట్లు హబీబుల్లా ఆమెను ఖాలా అనేవాడు. ఆమె పరుపులు కుట్టేది. అరవైకి దగ్గర పడింది. భర్త పోయి పదేళ్లు, పిల్లల్లేరు. ఒక బర్రె ఉండేది. పరుపుల పని చలికాలం ముందు రెండు నెలలే కాబట్టి మిగతా ఏడంతా ఆ పాలే ఆధారం. ఆ సాయంత్రం గుంజ ఖాళీగా ఉంది.

"అమ్మేస్తి బేటా," అంది దిల్షాద్‌బీ. "గడ్డి కోసుకొచ్చేదానికి నడుము లేదు. రెండు వందల ఇరవై వచ్చింది. నీకోసమే చూస్తాండా. ఇంట్లో పెట్టుకుంటే భయమేస్తాంది, తలుపుకు గడియ గూడా సరిగ్గా పడదు. నెలకు ఇంత అని తీసుకుని తింటా, నేను పొయ్యేదాకా వస్తాది."

గుడ్డ మూట విప్పి నోట్లు అతని ముందు పెట్టింది.

"రేపు వెయ్యి ఖాలా."

"రేపటిదాకా ఎవరు కావలి కాస్తారు? తీసుకోబో."

హబీబుల్లా గుమ్మంలో నిలబడ్డాడు. వీధి అవతల యశోదమ్మ మగ్గం చప్పుడు ఆగింది. అటు చూడకపోయినా ఆమె చూస్తూ ఉంటుందని అతనికి తెలుసు. ఒక్క మాట చెబితే ముసలామె కేక వేస్తుంది. ఆ కేకకు పేట లేస్తుంది. మొదట బ్యాంకు మీదికి పోతారు, ఆ తర్వాత తన దగ్గరికే వస్తారు. నడుముకు ఏముందని అడుగుతారు. ఇయ్యనంటే లాక్కుంటారు, లాక్కోవడం తప్పు గూడా కాదు. రేపు పొద్దున డాక్టరమ్మ ముందు ఉత్త చేతులతో నిలబడాలి. ముసలామెకు చెవిలో చెబితే? ఆమె చెల్లెలి వరసామె మూడో ఇంట్లో ఉంది, ఆమెకు చెప్పకుండా ఉండగలదా? ఇవన్నీ అతను ఎంతసేపు అనుకున్నాడో అతనికే తెలియదు.

"ఏంది బేటా, ముఖం అట్లుంది? మైమూన్ ఎట్లుండాది?" అంది దిల్షాద్‌బీ. లోపలికి పోయి లోటాతో మజ్జిగ తెచ్చింది. "తాగిపో. పొద్దున పిండిన పాలు కొన్ని తోడేసినా. రేపటి నుంచి ఈ ఇంట్లో మజ్జిగ ఉండదు."

హబీబుల్లా మజ్జిగ తాగాడు. నోట్లు లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాడు. రసీదు రాసి ఇచ్చాడు.

ఐదున్నరకు సంచి నారాయణ బల్ల మీద పెట్టాడు. ఆ రోజు వసూలు రెండు వందల నలభై ఎనిమిది రూపాయలు. నారాయణ అంత మొత్తం చూసి, "ఎవరిది?" అని అడిగాడు. దిల్షాద్‌బీ పేరు చెప్పాడు. నారాయణ పద్దు రాసుకుని పెట్టెలో వేసి తాళం వేశాడు.

గురువారం కోత జరిగింది. బత్తాయి పండంత గడ్డ తీశారు. మైమూన్ బతుకుతుందని డాక్టరమ్మ చెప్పింది. హబీబుల్లా వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. మధ్యాహ్నం ప్రొద్దుటూరు బస్సులో వచ్చినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాడు. సౌభాగ్య బ్యాంకు అన్ని బ్రాంచీలకూ కాగితం అతికించారంట. బట్టీలపేటలో ఆడవాళ్లు తలుపు ముందు పడి మన్ను తలకు పోసుకుంటున్నారంట. పోలీసులు వచ్చారంట. నారాయణ కుటుంబంతో సహా ఊళ్లో లేడంట.

శనివారం పొద్దున మైమూన్‌కు గంజి తాగించి బయటికొచ్చేసరికి, వరండా మెట్ల మీద దిల్షాద్‌బీ కూర్చుని ఉంది. పక్కన చిన్న టిఫిను గిన్నె. ఆ వయసులో బస్సెక్కి వచ్చింది.

"మైమూన్‌కు పెసర గంజి తెచ్చినా," అంది. "లోపలికి పోనిస్తారా?"

"పోనిస్తారు ఖాలా."

"పోతాలే. ముందు నువ్వు నాకొకటి చెప్పు. పేటలో తలా ఒక మాట అంటాండారు. నాకు వాళ్ల మాట వద్దు. నువ్వు చెప్పు. నా దుడ్లు ఉండాయా, పోయినాయా?"

"పోయినాయి."

దిల్షాద్‌బీ తల ఊపింది. అది ఆమె అనుకున్నదే. "నువ్వేం చేస్తావులే. నీ దుడ్లు గూడా పోయినట్లే గదా. ఈ కోతకు ఎట్ల కట్టినావు? ఎవరిచ్చినారు?"

అబద్ధం చెప్పడానికి హబీబుల్లా నోరు తెరిచాడు. ఫలానా బంధువు ఇచ్చాడని చెబితే సరిపోయేది. ఆమె నమ్మేది. నమ్మి లోపలికి పోయి మైమూన్ తల నిమిరేది.

"బుధవారం మధ్యాన్నం తీసుకున్నా ఖాలా. అప్పుడే నారాయణ సార్ నాకు చెప్పినాడు, రేపు తెరవమని."

"మధ్యాన్నమా?"

"మధ్యాన్నమే."

"నువ్వు మా ఇంటికి సాయంత్రం వస్తివే."

"వచ్చినా."

ముందు నుంచి నర్సులు ఇద్దరు పోయారు. దిల్షాద్‌బీ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేలకేసి చూస్తూ, "తెలిసే తీసుకుంటివి," అంది. అది అడిగినట్లు లేదు.

"తెలిసే తీసుకున్నా."

"ఇప్పుడు నేనేం తినల్ల హబీబూ?"

ఆమె గోడ పట్టుకుని లేచింది. టిఫిను గిన్నె అతని చేతికిచ్చింది. "కుట్లు పచ్చిగా ఉండాయి. ఇప్పుడే మైమూన్‌తో ఏమీ చెప్పొద్దు," అని, లోపలికి పోకుండానే బస్టాండు వైపు నడిచింది.

ఆమె ఆ మాట పేటలో ఎవరికీ చెప్పలేదు. అది హబీబుల్లాకు తర్వాత తెలిసింది.

మైమూన్‌ను పక్క మంచం ఆవిడకు అప్పజెప్పి, హబీబుల్లా పులివెందుల బస్సెక్కాడు. డైరెక్టర్లలో ఓబులేసు అనే ఆయనకు పులివెందులలో నూనె మిల్లు ఉంది. పేటలో బ్రాంచి తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టింది ఆయనే. బుధవారం సాయంత్రం వసూలు చేసిన డబ్బు, బ్యాంకు మునిగిందని తెలిసిన తర్వాత తీసుకున్నది కాబట్టి దాన్నయినా వెనక్కి ఇయ్యమని అడగాలని హబీబుల్లా ఆశ. మిల్లు మూసి ఉంది. ఆయన వేముల దగ్గర తోటలో ఉన్నాడని కావలివాడు చెప్పాడు. కోతకు పోగా మిగిలిన పద్నాలుగూ మందులకే అయిపోయి, బస్సుకు డబ్బులు చాలక హబీబుల్లా వేముల దాకా నడిచాడు. చేరేసరికి పొద్దు వాలింది.

కళ్లంలో చెనిక్కాయలు ఆరబోసి ఉన్నాయి. మూడు బండ్లకు మూటలు ఎక్కిస్తున్నారు. ఓబులేసు మంచం మీద కూర్చుని ఉన్నాడు. హబీబుల్లా చెప్పిందంతా విన్నాడు, మధ్యలో అడ్డు రాలేదు.

"నా దగ్గర ఏముంది అప్పా," అన్నాడు చివరికి. "మిల్లుకు సీలు వేసినారు. ఈ చెనిక్కాయలు గూడా నా పేరు మీద లేవు, నా కొడుకు పేరు మీద ఉండాయి."

"ఒక్క ముసలామెదైనా ఇప్పించండయ్యా. రెండు వందల ఇరవై. తిండికి లేదు ఆమెకు."

"ఆమెకిస్తే, నూట పది మంది రేపు ఈడికొస్తారు." ఓబులేసు బండ్ల వైపు చూసి, మళ్లీ హబీబుల్లా వైపు తిరిగాడు. "నీకొక మాట చెప్తా విను. ఆఖరి రోజు దుడ్లు తీసుకున్నోళ్ల పట్టీ తయారైతాంది. పై ఆఫీసరు వచ్చి చదువుతాడు. దాంట్లో మా బావమరిది పేరుంది, నారాయణ తమ్ముని పేరుంది, నీ పేరు గూడా ఉంది. నువ్వు ఇంతదూరం నడిచొచ్చి నన్నడగడం బాగనే ఉంది. ఆ పొద్దు నువ్వేం చేసినావో, మేమూ అదే చేసినాం. మావి పెద్ద అంకెలు, అంతే."

హబీబుల్లా ఏదో అనబోయాడు. తాను వేరు అని చెప్పడానికి మాట వెతుక్కున్నాడు. ఆసుపత్రి, కోత, గడ్డ, అన్నీ నోటిదాకా వచ్చాయి. ఓబులేసు ఇంట్లో గూడా ఏదో ఒక అవసరం ఉండే ఉంటుందని తోచి ఆగిపోయాడు. కూలివాళ్లలో ఒకామె అతనికి నీళ్లిచ్చింది. తాగి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

మునిగిన బ్యాంకు లెక్కలు తేల్చడానికి సర్కారు పంపిన పై ఆఫీసరు రెండు వారాల తర్వాత బట్టీలపేటకు వచ్చాడు. బ్రాంచి ముందు బల్ల వేసి, ఎవరికెంత రావాలో రాసుకోవడం మొదలుపెట్టాడు. పేటంతా అక్కడే ఉంది. అతని గుమాస్తా చేతిలో పట్టీ ఉంది. అది చదవకముందే హబీబుల్లా లేచి నిలబడ్డాడు. బుధవారం మధ్యాహ్నం ఏం జరిగిందో, సాయంత్రం తానేం చేశాడో, దాపరికం లేకుండా చెప్పాడు. గొంతు పెద్దది చెయ్యలేదు, వెనకవాళ్లకు ముందువాళ్లు చెప్పాల్సి వచ్చింది.

యశోదమ్మ ముందు వరసలో ఉంది. "నేను నోరు తెరిచి అడిగితిని గదన్నా," అంది. "బ్యాంకు బాగుందా అని."

"అడిగినావు."

"బాగుందంటివి."

"అన్నా."

జట్కా జమాల్ వచ్చి కొరడా కర్రతో అతని ముఖం మీద కొట్టాడు. రెండో దెబ్బకు కనుబొమ చీలింది. ఎవరూ ఆపలేదు. హబీబుల్లా చేతులు అడ్డం పెట్టలేదు. మూడో దెబ్బకు జమాల్ చెయ్యి ఎత్తి, ఎందుకో దించేసి, కర్ర అక్కడే పారేసి పోయాడు. ఆఫీసరు అంతా చూసి, తల వంచుకుని తర్వాతి పేరు పిలిచాడు.

అప్పటికి మైమూన్ ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. నెత్తురు చూసి మంచం మీద నుంచి లేవబోయింది. అతను పడుకోమని, పక్కన కూర్చుని ఆమెకు గూడా చెప్పాడు.

"నన్నొక మాట అడగలేదే," అంది మైమూన్.

"అడిగుంటే వద్దంటావని."

ఆమె కప్పు వాసాల వైపు చూస్తూ ఉండిపోయింది. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. "వద్దనేదాన్ని కాదు," అంది. "బతకాలనే ఉండె నాకు. తీసుకోమనే అనేదాన్ని. అదే నన్ను తినేస్తాంది."

తర్వాత వాళ్లిద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

హబీబుల్లా మళ్లీ కొలిమితిత్తి భుజానికెత్తుకున్నాడు. బట్టీలపేటలో ఒక్క గిన్నె కూడా అతనికి ఇవ్వలేదు. కమలాపురం, చెన్నూరు చుట్టుపక్కల పల్లెలకు పోయేవాడు. వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. అల్యూమినియం గిన్నెలు వచ్చి ఆ పని కూడా తగ్గుతూ వచ్చింది. దిల్షాద్‌బీ పత్తి మిల్లులో గింజలు ఏరే పనికి కుదిరింది. పొడి పీల్చి దగ్గు పట్టుకుంది. నెలకు రెండో, మూడో అతను తీసుకుపోయి ఆమె గుమ్మంలో ఇచ్చేవాడు.

"ఎంత?" అనేది.

"మూడు."

తీసుకునేది. లోపలికి రమ్మనేది కాదు, పొమ్మనేది కాదు.

బాకీల కోసం అర్జీలు రాయాల్సి వచ్చింది. ఒక్కో మనిషికి మూడు కాగితాలు, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో రెండు. ఊళ్లో ప్లీడరు గుమాస్తా ఒక్కో అర్జీకి రెండు రూపాయలు అడిగాడు. ఒక సాయంత్రం యశోదమ్మ వచ్చి, గడప దాటకుండా కార్డు కిటికీలో పెట్టింది. "రాయి," అంది. హబీబుల్లా పాత అర్జీ ఒకటి సంపాదించి, ఇంగ్లీషు అక్షరాలను బొమ్మలు గీసినట్లు చూసి చూసి దింపాడు. ఆమె తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. కార్డు పెట్టేవాళ్లు, పోయేవాళ్లు. జమాల్ కార్డును అతని భార్య తెచ్చింది. ఆ ఏడాది తన ఇల్లు పోగా నూట పదకొండు అర్జీలూ అతనే రాశాడు. దిల్షాద్‌బీ రాలేదు. ఆమె అర్జీ అతను తన దగ్గరున్న రసీదు పుస్తకం చూసి రాసి, వేలిముద్ర కోసం తీసుకుపోతే, చెయ్యి చాపింది.

1964లో మొదటి విడత వచ్చింది, రూపాయికి పంతొమ్మిది పైసలు. కొందరు ఆ డబ్బు తీసుకుని బజారులోనే తినేశారు. మరుసటి ఏడు వానాకాలంలో దిల్షాద్‌బీ దగ్గు ఎక్కువై చనిపోయింది. అప్పటికి హబీబుల్లా నూట ముప్పై ఒక్క రూపాయలు తిరిగి ఇచ్చాడు. జనాజా మోసేవాళ్లలో అతన్ని ఎవరూ రావద్దనలేదు. అతనే చివరన నడిచాడు.

1967లో ఒక పెద్ద బ్యాంకు రోడ్డు మీద కొత్త బ్రాంచి తెరిచింది. డిపాజిట్లకు ఇప్పుడు సర్కారు బీమా ఉందని, ఒక్క పైసా పోదని, కొత్త మేనేజరు ఇంటింటికీ తిరిగి చెప్పాడు. జనం విని తలుపులు వేసుకున్నారు. ఈ పేటలో ప్రతి ఇల్లూ తెలిసిన మనిషి ఒకడున్నాడని ఎవరో చెబితే, ఆయన హబీబుల్లాను వెతుక్కుంటూ వచ్చాడు. జీతం మీద పెట్టుకుంటానన్నాడు.

"వద్దు సార్. నేనడిగితే ఇయ్యరు."

"అప్పుడు జరిగింది ఎవరు గుర్తు పెట్టుకుంటారు? నువ్వు అడిగి చూడు."

"ఇస్తారేమోనని గూడా భయమే సార్," అన్నాడు హబీబుల్లా. మేనేజరుకు అది అర్థం కాలేదు. కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

ఆ ఏడే రెండో విడత, ఆఖరిది, వచ్చింది. రూపాయికి పద్నాలుగు పైసలు. దిల్షాద్‌బీ పేర ముప్పై రూపాయల చిల్లర ఉందని, వారసులెవరైనా వచ్చి తీసుకోవాలని ప్రొద్దుటూరు ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. ఆమె చెల్లెలి వరసామె అంతకు ముందే కాలం చేసింది. హబీబుల్లా ఆ కార్డు పట్టుకుని ఆఫీసుకు పోయాడు. గుమాస్తా పుస్తకం తీసి పేరు వెతికాడు.

"నువ్వామెకు ఏమవుతావు?"

"బాకీ ఉండా. ఇంకా ఎనభై తొమ్మిది ఇయ్యల్ల."

"అది కాదు. బంధుత్వమేంది?"

"ఏమీ లేదు."

"కొడుకులు, కూతుళ్లు?"

"లేరు."

గుమాస్తా, వారసులు లేరు అని ఎర్ర సిరాతో రాసి, తెలిసిన మనిషిగా సంతకం చెయ్యమని పుస్తకం ఇటు తిప్పాడు. ఆ డబ్బు మళ్లీ పైకి పోతుందని చెప్పాడు. నా ఎనభై తొమ్మిది గూడా దాంట్లో కలిపి పంపొచ్చా అని హబీబుల్లా అడిగాడు. అట్లాంటి పద్దు లేదన్నాడు గుమాస్తా. హబీబుల్లా సంతకం చేశాడు. బయట ఎండగా ఉంది. బస్సు కోసం నిలబడకుండా పేట దాకా నడిచి వచ్చాడు. మైమూన్ అన్నం పెట్టింది. ఏమైందని ఆమె అడగలేదు, ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. తిని, మరుసటి పొద్దున చెన్నూరు పోవడానికి తిత్తికి అతుకు వేసుకుంటూ కూర్చున్నాడు.